రోమన్ భంగిమ, అమెరికన్ కోటు

1783 ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది. బ్రిటన్‌తో యుద్ధం ముగింపుకొచ్చింది కాబట్టి సేనాని జార్జ్ వాషింగ్టన్‌కు గుర్రం మీద కూర్చున్న కంచు విగ్రహం పెట్టించాలని అందులో ఉంది. విగ్రహం ఎలా ఉండాలో కూడా రాశారు: ఒంటి మీద రోమన్ వేషం, కుడిచేతిలో అధికార దండం, తల చుట్టూ లారెల్ ఆకుల దండ. ఆ విగ్రహం అప్పట్లో తయారు కాలేదు. దాని బదులు మనకు మరొకటి దక్కింది. వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో, శాసనసభ భవనం నడిమి గుమ్మటం కింద, పాలరాతి వాషింగ్టన్ నిలబడి ఉన్నాడు. యుద్ధంలో తొడుక్కున్న యూనిఫాం ఒంటి మీద ఉంది. తల మీద దండా లేదు, టోపీ లేదు. అయినా ఆ తరం అమెరికా చేయించుకున్న వస్తువుల్లో ఇంతకన్నా రోమన్ అయినది ఇంకొకటి లేదని నా నమ్మకం. చెక్కినవాడు ఫ్రెంచి శిల్పి జాన్-ఆంట్వాన్ ఊదోన్.

అమెరికా తొలితరం నాయకులు గ్రీకు, రోమన్ గ్రంథాలతో పెరిగారని అందరూ రాస్తారు. నిజమే. ఆ రోజుల్లో హార్వర్డ్‌లోనో, ఇప్పుడు ప్రిన్స్‌టన్ అనే కాలేజీలోనో చేరాలంటే ముందే లాటిన్, గ్రీకు చదవగలగాలి. ఎగువసభకు సెనేట్ అని పేరు పెట్టారు. రాజ్యాంగం మీద వాదించుకుంటూ పత్రికల్లో రాసిన వ్యాసాల కింద పబ్లియస్, బ్రూటస్, కేటో అని సంతకాలు చేశారు. పేర్లు తెచ్చుకోవడం తేలిక. తెచ్చుకున్న గుడ్డను విప్పి, చిరుగులు ఎక్కడున్నాయో చూసి, తమ ఒంటికి సరిపోయేలా కుట్టుకోవడమే కష్టం. ఆ కష్టం ఎలా సాగిందో పుస్తకాల్లో వెతికే ముందు ఈ రాతిలో చూడవచ్చు.

1784 జూన్‌లో వర్జీనియా శాసనసభ ఈ విగ్రహాన్ని కోరింది. రాయీ మేలైనది కావాలి, పనితనమూ మేలైనది కావాలి అన్నది షరతు. దిమ్మె మీద చెక్కాల్సిన మాటలు జేమ్స్ మాడిసన్ రాశాడు. శిల్పిని ఎంచే పని పారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌లకు అప్పగించారు. చార్లెస్ విల్సన్ పీల్ గీసిన వాషింగ్టన్ నిలువెత్తు వర్ణచిత్రం ఒకటి పంపుతున్నాం, దాన్ని చూసి చెక్కితే చాలునని రిచ్‌మండ్ పెద్దల ఆలోచన. ఊదోన్ ఒప్పుకోలేదు. మనిషిని చూస్తేగాని చెక్కనన్నాడు. వోల్టేర్‌నూ ఫ్రాంక్లిన్‌నూ చెక్కి యూరప్‌లో పేరు మోసినవాడు, అట్లాంటిక్ దాటడానికి సిద్ధపడ్డాడు. దారిలో తనకేమైనా అయితే తన మీద ఆధారపడ్డవాళ్ల గతేమిటని ప్రాణానికి బీమా మాత్రం అడిగాడు. జెఫర్సన్ లండన్‌లో ఉన్న జాన్ ఆడమ్స్‌కు రాసి ఆ బీమా చేయించాడు. 1785 జూలైలో, స్వదేశానికి తిరిగి వెళ్తున్న ఫ్రాంక్లిన్‌తో కలిసి ఊదోన్ బయల్దేరాడు. పనిముట్లు ఫ్రాన్స్ రేవులోనే ఉండిపోతే ఫిలడెల్ఫియాలో దిగాక మళ్లీ సమకూర్చుకున్నాడు.

అక్టోబర్ 2 రాత్రి బాగా పొద్దుపోయాక ముగ్గురు సహాయకులతో పొటోమాక్ ఒడ్డున ఉన్న మౌంట్ వెర్నన్‌కు చేరాడు. వాషింగ్టన్‌కు అప్పటికి 53 ఏళ్లు. సైన్యాధిపత్యం వదిలి వ్యవసాయం చూసుకుంటున్నాడు. ఊదోన్ అక్కడ రెండు వారాలు ఉన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి, ఒంటి మీద దుప్పటి కప్పి, ఊపిరాడడానికి ముక్కులో ఈక గొట్టాలు పెట్టి ముఖానికి ప్లాస్టర్ అచ్చు తీశాడు. భార్య మార్తా మనవరాలు నెల్లీ అప్పుడు ఆరేళ్ల పిల్ల. తాత చనిపోయాడేమోనని హడలిపోయానని పెద్దయ్యాక చెప్పుకుంది. వాషింగ్టన్ మాత్రం శిల్పి ప్లాస్టర్‌ను కాల్చి, పొడి చేసి, జల్లించి, నీళ్లలో కలిపే పద్ధతినంతా ఆసక్తిగా చూసి డైరీలో రాసుకున్నాడు.

అచ్చు కొలతలు ఇస్తుంది. ప్రాణం ఇవ్వదు. తడి ప్లాస్టర్ బరువుకు చెంపలు దిగుతాయి, కళ్లు మూసే ఉంటాయి. అందుకని ఊదోన్ అచ్చుతో పాటు, వాషింగ్టన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని విడిగా మట్టితో తలా భుజాలా చేశాడు. ఎముకల దూరాలు ప్లాస్టర్ అచ్చులో దొరికాయి, చూపు మట్టిబొమ్మలో దొరికింది. రెండూ ఇవాళ్టికీ ఉన్నాయి: అచ్చు న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో, మట్టిబొమ్మ మౌంట్ వెర్నన్‌లోనే. యువకుడిగా రోమ్‌లో చదువుకునే రోజుల్లో, 1767లో, ఊదోన్ చర్మం ఒలిచిన మనిషి బొమ్మ ఒకటి చేశాడు. కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ ముగుస్తుందో చూపే ఆ బొమ్మ నకళ్లు తరతరాలుగా చిత్రకళా విద్యార్థులకు పాఠం అయ్యాయి. కోటు కింద ఒళ్లు ఎలా నిలబడుతుందో తెలిసిన చెయ్యి అది. కళ్ల విషయంలో అతనికో ప్రత్యేకమైన పద్ధతి ఉంది. నల్లగుడ్డు చోట రాతిని లోతుగా తొలిచి, ఒక చిన్న పలుకును మాత్రం వదిలేస్తాడు. తొలిచిన గుంట నీడై నలుపు అవుతుంది, వదిలిన పలుకు వెలుతురు అందుకుని మెరుస్తుంది. రంగు లేకుండానే బొమ్మ చూస్తున్నట్టుంటుంది.

తర్వాత బట్టల సమస్య వచ్చింది. 1786 జనవరిలో జెఫర్సన్ పారిస్ నుంచి వాషింగ్టన్‌కు రాస్తూ, ఏ దుస్తుల్లో చెక్కమంటారని అడిగాడు. ఆగస్టులో వచ్చిన జవాబు వినయానికీ నిశ్చయానికీ మంచి నమూనా. శిల్పకళ గురించి తనకు చాలినంత తెలియదంటూనే, ప్రాచీనుల వేషాన్ని బానిసలా అనుకరించడం కన్నా ఈ కాలపు దుస్తుల వైపు కొంచెం జరిగితే మేలేమోనని వాషింగ్టన్ సూచించాడు. చిత్రకారుడు బెంజమిన్ వెస్ట్ అప్పటికే అలా చేస్తున్నాడని విన్నానని కూడా చేర్చాడు. మరుసటి ఏడు జెఫర్సన్ పూర్తిగా సమ్మతించాడు. ఈ కాలపు మనిషికి పాత వేషం వేస్తే, హెర్క్యులిస్‌కు సవరం జుట్టు పెట్టినంత వింతగా ఉంటుందన్నాడు.

ఊదోన్‌కు ప్రాచీన వేషం రాక కాదు. 1781 నాటి అతని కూర్చున్న వోల్టేర్ ఒంటి నిండా ప్రాచీన తత్త్వవేత్త అంగీ కప్పుకుని ఉంటాడు. ఇక్కడ ఆ అంగీ వదిలి, దాని లోపలి మనిషి నిలుచునే తీరును మాత్రం తీసుకున్నాడు. విగ్రహం మొత్తానికి ప్రాణం అందులోనే ఉందని నాకనిపిస్తుంది. ఒక కాలి మీద బరువు, రెండో కాలు అరడుగు ముందుకు, మోకాలి దగ్గర సన్నని వంపు. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో గ్రీకు శిల్పి పాలిక్లైటస్ స్థిరపరిచిన నిలుపు ఇది. మన శిల్పశాస్త్రం ఆభంగం అనేది దీనికి చాలా దగ్గర. ఆ నిలుపులో మనిషి కదలడం లేదు, కాని కదలగలడు. ఆ గ్రీకు ఒంటి మీద ఒక వర్జీనియా భూస్వామి తల ఉంది. వెయిస్ట్‌కోటు కింద కొద్దిగా ముందుకొచ్చిన పొట్టను కూడా శిల్పి దాచలేదు. ఎత్తు దాదాపు ఆరడుగుల రెండంగుళాలు, అంటే వాషింగ్టన్ ఎంత ఎత్తో అంతే. దేవుళ్ల కొలత వాడలేదు.

పారిస్‌లో ఈ ఒళ్లు చెక్కుతున్నప్పుడు, 1789 జూన్‌లో, వాషింగ్టన్ మిత్రుడు గవర్నర్ మోరిస్ శిల్పశాలకు వెళ్లి నమూనాగా నిలబడ్డాడు. గవర్నర్ అన్నది అతని పేరు, పదవి కాదు. అతనికి ఒక కాలు కొయ్యకాలు. రెండేళ్ల కిందట అమెరికా రాజ్యాంగం తుది పాఠానికి భాష సమకూర్చిన చెయ్యి అతనిదే. విగ్రహం కింద శిల్పి సంతకంతో పాటు 1788 అని చెక్కి ఉన్నా, పని పూర్తయింది ఆ తర్వాతే. రిచ్‌మండ్‌లో నిలబెట్టింది 1796లో.

ఇక చేతులు. కుడిచేతిలో చేతికర్ర, ఊరి పెద్దమనిషి పొలం మీదికి వెళ్తూ పట్టుకునే కర్ర. ఎడమచెయ్యి కర్రల మోపు మీద ఆనించి ఉంది. కత్తి ఆ మోపుకే వేలాడుతోంది. దాన్ని వదిలి చాలా సేపయినట్టుంటుంది. కాళ్ల వెనక నాగలి ఉంది. వీటిలో కత్తి, నాగలి ఒక రోమన్ కథ చెబుతాయి, కర్రల మోపు ఒక రోమన్ సమస్యను ఎత్తుతుంది.

కథ సిన్సినాటస్‌ది. చరిత్రకారుడు లివీ చెప్పిన ప్రకారం, క్రీ.పూ. 458లో శత్రువులు రోమన్ సైన్యాన్ని చుట్టుముట్టినప్పుడు సెనేట్ దూతలు టైబర్ నది అవతల రెండున్నర ఎకరాల పొలంలో పని చేసుకుంటున్న సిన్సినాటస్ దగ్గరికి వెళ్లి సర్వాధికారం అప్పగించారు. ఆ అధికారానికి గడువు ఆరు నెలలు. అతను యుద్ధం గెలిచి పదహారో రోజున పదవి వదిలి పొలానికి తిరిగి వెళ్లాడు. 1783 డిసెంబర్ 23న అనాపొలిస్‌లో, కాంగ్రెస్ సభ్యుల ముందు, వాషింగ్టన్ సైన్యాధిపత్య పత్రాన్ని తిరిగిచ్చి క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లిపోయినప్పుడు, చూసినవాళ్లందరికీ గుర్తొచ్చిన పేరు అదే. యుద్ధం చేసిన అధికారులు అంతకు ముందే, ఆ ఏడాది మేలో, సిన్సినాటస్ పేరు మీద సంఘం పెట్టుకున్నారు. అందులో సభ్యత్వం తండ్రి నుంచి కొడుక్కి సంక్రమిస్తుందన్న నియమం మీద పెద్ద దుమారం రేగింది. పదవి వదిలినవాడి పేరు పెట్టుకుని వారసత్వం పాటించడమేమిటని అడిగినవాళ్లను తప్పుపట్టలేం.

వాషింగ్టన్ లాటిన్ చదివినవాడు కాదు, కాలేజీకి వెళ్లినవాడూ కాదు. రోమ్ అతనికి ఇంగ్లిష్ నాటకాల మీదుగా, సంభాషణల మీదుగా చేరింది. సీజర్‌ను ఎదిరించి ప్రాణం తీసుకున్న కేటో మీద జోసెఫ్ అడిసన్ రాసిన నాటకం అతనికి చాలా ఇష్టం. 1778 మేలో, ఘోరమైన చలికాలం దాటిన వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో సైనికాధికారులు దాన్ని ఆడారు. అయితే అతని ఊహలో మొదటి నుంచీ ఉన్నవాడు కేటో కాదు. 1759లో, ఇరవై ఏడేళ్ల వయసులో, ఇంట్లో పెట్టుకోవడానికి లండన్ నుంచి తెప్పించమన్న అర్ధవిగ్రహాల జాబితాలో అలెగ్జాండర్, జూలియస్ సీజర్ ఉన్నారు. అవి దొరకలేదు. సీజర్ బొమ్మ కోరిన యువకుడు ఇరవై నాలుగేళ్లకు సీజర్ చెయ్యనిది చేశాడు. పాత గ్రంథాలు ఒక మనిషిని ఎంత దూరం నడిపించగలవో చెప్పమంటే నేను ఈ రెండు తేదీలనే చూపిస్తాను.

ఇక సమస్య. కర్రల మోపును రోమన్లు ఫాసెస్ అన్నారు. ఉన్నతాధికారుల ముందు భటులు మోసుకెళ్లేవాళ్లు. కొట్టడానికి కర్రలు, నరకడానికి మధ్యలో గొడ్డలి: శిక్షించే అధికారానికి గుర్తు అది. ఊదోన్ ఆ కర్రలను పదమూడుగా చెక్కాడు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో కర్ర. భయపెట్టే గుర్తు కాస్తా కలిసి ఉండడానికి గుర్తయింది, జనరల్ చెయ్యి ఆనుకునే ఆధారమూ అయింది. శిల్పంగా చూసినా ఇది చక్కని పనే. పాలరాతి మనిషి సన్నని చీలమండల మీద నిలబడాలంటే పక్కన ఒక ఊత కావాలి. పాతకాలపు శిల్పులు అందుకు చెట్టు మొద్దు పెట్టేవాళ్లు. ఊదోన్ పెట్టిన ఊత రాతి బరువునూ మోస్తుంది, అర్థాన్నీ మోస్తుంది.

ఊతను చెక్కడం సరే, ఆ పదమూడింటినీ నిజంగా కట్టి ఉంచేదేమిటి? ఆ ఏళ్లలో అమెరికాను వేధించిన ప్రశ్న అదే. అప్పటి సమాఖ్య ఒప్పందం ప్రకారం రాష్ట్రం చిన్నదైనా పెద్దదైనా ఒక్కటే ఓటు. కాంగ్రెస్‌కు పన్ను వేసే హక్కు లేదు. ఒప్పందంలో మార్పు చేయాలంటే పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. శిల్పిని పంపిన జెఫర్సనే పారిస్ నుంచి మాడిసన్‌కు పెట్టెలకొద్దీ పుస్తకాలు పంపాడు. 1786లో మాడిసన్ వాటి ముందు కూర్చుని పాత, కొత్త సమాఖ్యల మీద నోట్సు రాసుకున్నాడు: లైసియా, యాంఫిక్టియన్ మండలి, అకేయన్ లీగ్, ఆ తర్వాత స్విస్, డచ్, జర్మన్ సమాఖ్యలు. దాదాపు ప్రతి దాని కిందా ఆ ఏర్పాటులోని లోపాలు వేరుగా రాశాడు. నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఆ లోపాల భాగమే. గ్రీకుల గొప్పతనాన్ని కీర్తించేవాళ్లు ఆ కాలంలో ఎందరో ఉన్నారు. గ్రీకుల సమాఖ్య ఎక్కడ విరిగిందో ఇంజనీరులా వెతికినవాళ్లు తక్కువ.

యాంఫిక్టియన్ మండలిలో సభ్యులందరికీ సమాన ఓటు. కాగితం మీద సమానులే గాని, ఆచరణలో ఏథెన్స్, స్పార్టా, థీబ్స్ చెప్పిందే చెల్లింది. చివరికి లోపలి తగాదాలు తీర్చే పేరుతో మాసిడోనియా రాజు ఫిలిప్ లోపలికొచ్చాడు. రాజ్యాంగాన్ని సమర్థిస్తూ పబ్లియస్ సంతకంతో వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 18వది, 1787 డిసెంబర్ నాటిది, అందులో మాడిసన్ ఈ కథను చెప్పిన తీరు చూడండి. ఎక్కడా కంఠం పెంచడు. ఒక్కో సంఘటన పెట్టుకుంటూ పోతాడు. చదివేవాడికి మాత్రం గ్రీసు పేరు చోట తన దేశం పేరు కనబడుతూనే ఉంటుంది. లైసియాది వేరే దారి. చిన్న ఆసియాలోని ఆ సమాఖ్యలో 23 నగరాలు. పెద్దవాటికి మూడు ఓట్లు, మధ్యరకానికి రెండు, చిన్నవాటికి ఒకటి. భూగోళకారుడు స్ట్రాబో రాసిపెట్టిన ఈ లెక్క ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ పుస్తకం ద్వారా అమెరికాకు చేరింది. అలెగ్జాండర్ హామిల్టన్ ఫెడరలిస్ట్ 9లో దాన్ని వాడుకున్నాడు. సభ్యులకు సమాన ఓటు లేకపోయినా, కేంద్రం రాష్ట్రాల లోపలి వ్యవహారాల్లో చెయ్యిపెట్టినా అది సమాఖ్యే అవుతుందని చూపడానికి అతనికి అది రుజువు.

ఫిలడెల్ఫియాలో 1787 మే నుంచి సెప్టెంబర్ వరకు సాగిన రాజ్యాంగ సభకు అధ్యక్షుడు వాషింగ్టన్. జనాభాను బట్టి ఒక సభ, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున సమానంగా ఇంకొక సభ అన్న చివరి ఒప్పందం గ్రీసులోనూ రోమ్‌లోనూ లేదు. మాడిసన్ కోరుకున్నదీ అచ్చంగా అది కాదు. పాతవాటిని చదివినవాళ్లు పాతవాటిలో లేనిదాన్ని కట్టారు. బట్టల విషయంలో వాషింగ్టన్ రాసిన ఉత్తరానికీ దీనికీ మధ్య ఉన్నది ఒకే బుద్ధి.

నాగలి దగ్గర మాత్రం ఈ మెచ్చుకోలు ఆగాలి. సిన్సినాటస్ తన నాగలి తాను పట్టాడని కథ. ఊదోన్ వచ్చి వెళ్లిన నాలుగు నెలలకు, 1786 ఫిబ్రవరిలో, వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ పొలాల్లో ఉన్న బానిసల పేర్లు డైరీలో రాసుకున్నాడు. మొత్తం 216 మంది. పాలరాతి నాగలి మేడి పట్టిన చేతులు వాళ్లవి. విగ్రహంలో వాళ్ల జాడ లేదు. రోమ్, ఏథెన్స్ రెండూ బానిసల మీద నిలిచిన గణతంత్రాలే. ఆ సంగతి అమెరికా తొలితరానికి బాగా తెలుసు. తర్వాతి తరంలో దక్షిణాది వక్తలు బానిసత్వాన్ని సమర్థించుకోవడానికి అదే ప్రాచీన ఉదాహరణను బాహాటంగా ఎత్తుకున్నారు. 1861 నుంచి 1865 దాకా, యూనియన్ నుంచి విడిపోయిన రాష్ట్రాల కాంగ్రెస్ సమావేశమైంది ఈ రిచ్‌మండ్ భవనంలోనే, ఈ పదమూడు కర్రల మోపు ఉన్న చోటే. మాడిసన్ లోపాల జాబితాలో రాసుకోనిది ఈ లోపం.

భవనం గురించి కొంచెం. దాని నమూనా కూడా జెఫర్సన్ పారిస్ నుంచి పంపిందే. దక్షిణ ఫ్రాన్స్‌లో నీమ్ పట్టణంలోని మేజోఁ కారే అనే రోమన్ గుడిని ఆధారం చేసుకుని, వాస్తుశిల్పి క్లెరిసో సాయంతో నక్షా గీయించి, ప్లాస్టర్ నమూనా చేయించి పంపాడు. ఆ గుడిని కళ్లారా చూసింది ఆ తర్వాత, 1787లో. గుడిలోని కొరింథియన్ స్తంభాల ఆకుల అల్లిక చెక్కడం ఖర్చనీ కష్టమనీ అయోనిక్ స్తంభాలకు మార్చాడు. సభ్యులకు వెలుతురు కావాలి కనుక గోడలకు కిటికీలు పెట్టాడు. దేవుడు ఉండాల్సిన గుడి మధ్యలో ఒక పౌరుడి బొమ్మ నిలిచింది.

ఇంత తెలిసిన జెఫర్సన్ ముసలితనంలో మాట మార్చాడు. ఉత్తర కరొలినా తన రాజధాని రాలీలో వాషింగ్టన్ విగ్రహం పెట్టాలనుకున్నప్పుడు, 1816లో సలహా అడిగితే, ఇటలీ శిల్పి కనోవాతో చేయించండి, రోమన్ వేషం వేయించండి, మన బూట్లూ యూనిఫాంలూ రాతిలో వెలవెలబోతాయి అని రాశాడు. 1821లో రోమన్ సేనాని వేషంలో కూర్చున్న వాషింగ్టన్ వచ్చాడు. 1831లో అది ఉన్న భవనం అంటుకుని ఆ విగ్రహం ముక్కలైంది. మరుసటి ఏడాది కాంగ్రెస్ శిల్పి హొరేషియో గ్రీనోకు ఇంకొక విగ్రహం అప్పగించింది. అతను ఒలింపియాలోని జ్యూస్ దేవుణ్ణి మనసులో పెట్టుకుని, సింహాసనం మీద, నడుము పైన బట్ట లేకుండా వాషింగ్టన్‌ను కూర్చోబెట్టాడు. కత్తి పిడి మనవైపు చాచి ఉంటుంది, అధికారం తిరిగి ఇస్తున్నట్టు. ఆలోచన ఊదోన్‌దే. గ్రీనో చెయ్యి కూడా తక్కువది కాదు. అయినా 1841లో కాంగ్రెస్ భవనానికి చేరిన రోజు నుంచీ జనం వెక్కిరించారు, రెండేళ్లకే ఆరుబయటికి తరలించారు. ఇప్పుడు వాషింగ్టన్ నగరంలో స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది.

ఉత్తర వర్జీనియాలో, రిచ్‌మండ్ శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చుట్టాలొస్తే మౌంట్ వెర్నన్ చూపించడం అక్కడ మామూలే. వీలైతే ఆ మట్టిబొమ్మ ముందు చూసి, తర్వాత రిచ్‌మండ్ వెళ్లండి. కాపిటల్ లోపలికి టికెట్ లేదు. విగ్రహం ముందు ఫొటో దిగి వచ్చేయకుండా చుట్టూ ఒకసారి తిరగండి. ముందు నుంచి తీసిన బొమ్మల్లో నాగలి సరిగా కనబడదు, కత్తి మోపుకు ఎలా తగిలించి ఉందో అసలే తెలియదు.